ఆంధ్ర ప్రదేశ్‌లో వ్యసన విముక్తికి ప్రభుత్వ నిధులు

ఆంధ్ర ప్రదేశ్‌లో మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాన్ని నివారించడానికి, వ్యసనపరులకు చికిత్స అందించడానికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ నిధులు సమకూరుస్తాయి. వైద్యావసరాలకు తప్ప మత్తుపానీయాల వాడకాన్ని నిషేధించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని భారత రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. అయితే మద్యంపై ఎక్సైజు సుంకం రాష్ట్రాలకే చెందుతుంది. కనుక వ్యసనాన్ని మాన్పించవలసిన ప్రభుత్వమే మద్యం ఆదాయంపై ఆధారపడుతున్నది.

నేపథ్యం

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. రెండవదానిని 1997లో సడలించారు. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనపరునికి చికిత్స జరగదు. దానికి వేరుగా నిధులు కావాలి.

కేంద్ర నిధులు

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 1985-86 నుండి స్వచ్ఛంద సంస్థల వ్యసన విముక్తి కేంద్రాలకు గ్రాంటు ఇస్తున్నది. తొలి పథకంలో సాధారణంగా ఖర్చులో 90 శాతం వరకు గ్రాంటుగా లభించేది, మిగిలినది సంస్థ భరించేది. 2018లో మాదకద్రవ్యాల గిరాకీ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక మొదలైంది. మాదకద్రవ్యాల చట్టం (1985) 7ఎ సెక్షను కింద ఒక జాతీయ నిధి ఉంది. నేరస్థుల నుండి జప్తు చేసిన ఆస్తుల విక్రయధనం దీనిలో చేరుతుంది.

అవసరంతో పోలిస్తే చికిత్స స్వల్పమే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు.

రాష్ట్ర నిధులు

2024 అక్టోబరులో వచ్చిన మద్యం విధానంలో రాష్ట్ర ప్రభుత్వం మాదకద్రవ్య బాధితుల పునరావాసం కొరకు 2 శాతం సెస్సు ప్రకటించింది. అంటే తాగేవారి సొమ్ముతోనే మాన్పించే ఏర్పాటు. అమ్మకాలు తగ్గితే ఈ నిధీ తగ్గుతుంది.

ఎచ్చెర్ల పరిసరాలు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఇదే మండలం ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉన్నందున ఇక్కడ విద్యార్థుల సంఖ్య ఎక్కువ. చికిత్సకు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, దాదాపు 100 కి.మీ. దూరాన విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ వెళ్ళవచ్చు. కేంద్రాలకిచ్చే గ్రాంటు సిబ్బంది జీతాలు, మందులు, భోజనం వంటి వాటికే. చికిత్సలో ఉన్న నెల రోజులు కూలివాని ఇంటికి రాబడి ఉండదు, ఆ లోటు ఏ పద్దులోనూ లేదు.

పోలీసు కేసు భయంతో చికిత్సకు వెనుకాడేవారు గమనించదగిన విషయం ఒకటి. స్వల్ప పరిమాణం కేసులో స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వచ్చిన వ్యసనపరునికి పై చట్టం 64ఎ సెక్షను ప్రాసిక్యూషను నుండి రక్షణ కల్పిస్తుంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణ రద్దు కావచ్చు. వ్యసన విముక్తి సలహాకు జాతీయ ఉచిత ఫోను సంఖ్య 14446, మాదకద్రవ్యాలపై సమాచారానికి రాష్ట్ర సంఖ్య 1972.