పెన్న వంతెనల సిందూరకవచము

అనంతపురపు మెట్టసీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్నలోను చిత్రావతిలోను నెలల తరబడి ఇసుకయే గాని నీరు కానరాదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్లకు లోబడి యున్నంతకాలము ఇనుమును త్రుప్పు మెల్లగానే తినును గనుక, ఇచ్చటి వంతెనలకు భయమేమని పలువురు తలంతురు. కాని ఈ సీమలో వంతెనకు తొలిశత్రువు వాన కాదు, ఎండ.

మదరాసు రైల్వేవారి వాయవ్యమార్గము తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగి 1871లో రాయచూరున బొంబాయి మార్గముతో కలిసినది. 1876-78 నాటి ధాత కరువు పిమ్మట, ధాన్యము చేరక జనము మడియు దుర్గతి మరల రాకుండుటకై మరికొన్ని మార్గములు వెలసినవి. ఈ మార్గములలోని వంతెనల ఇనుప దూలములకు ఆనాటి ఇంజనీర్లు నమ్మిన కవచము, సీససిందూరమును అవిసెనూనెలో కలిపిన పూత. సిందూరము నూనెలోని ఆమ్లములతో కూడి సబ్బు వంటి పదార్థమై, లోహము నంటుకొని, త్రుప్పు పుట్టించు రసాయనక్రియనే అణచును. వేరుసెనగకు పుట్టినిల్లు వంటి జిల్లాలో నూనెకు కొదువ లేదు. అయినను వేరుసెనగనూనె గాలికి ఆరి గట్టిపడదు, అవిసెనూనె పొరగట్టును. రంగులలో పూరకముగా వాడు ముగ్గురాయి మాత్రము ముచ్చుకోట ప్రాంతమునందే దొరకుట మన సీమ భాగ్యము.

ఎండకు నూనెపూత శిథిలమై, వ్రేలితో రాచినచో సున్నమువలె పొడి రాలును. అందుకే సూర్యకిరణములను తిప్పికొట్టు అల్యూమినియము రంగు పైపూతగా వచ్చినది. రివిట్ల తలల చుట్టును, దూలములు కలియు మూలలందును పేరుకొన్న దుమ్ము రాత్రిమంచును పట్టి యుంచును. త్రుప్పు మొదలగునది అచ్చటనే. ఆ మూలలను తీగబ్రష్షుతో తళతళలాడునట్లు తోమనిదే ఎంత వెలగల పూతయు నిలువదు. వంతెన ఆయువు రంగుడబ్బాలో కంటె దానిని తోము కూలివాని ఓపికలో ఎక్కువగా నున్నదని నా నమ్మకము.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున స్విట్జర్లాండుకు చెందిన షూప్ కరిగిన లోహమును తుంపరగా చిమ్ము విధానమును కనిపెట్టెను. మన రైల్వేలును అల్యూమినియమును అట్లు చిమ్మి పలు వంతెనలను కాపాడుకొనుచున్నవి. 1890లో తెరచిన స్కాట్లండులోని ఫోర్త్ వంతెనకు 2011లో ముగించిన గాజురేకుల ఎపాక్సీ పూత పాతికేండ్లకు తక్కువ కాకుండ నిలుచునని అంచనా.

అయితే సీసము విషము. పాత దూలములపై సిందూరము మిగిలియున్నచోట, దానిని గీకునప్పుడు లేచు ధూళి కూలివాని రక్తములో చేరును. గీకుటకు ముందు పూతను పరీక్షింపజేసి, వానికి ముఖకవచము, చేతొడుగులు ఇచ్చుట పని చేయించువారి విధి. ఆ ఖర్చును టెండరులోనే చేర్చవలెను.