‘భర్త పేరు’ గడిలో ఎవరి పేరు?

పాలమూరు అనగానే కరువు, వలస కూలీలు గుర్తొస్తారు. మాది వనపర్తి వైపే కాబట్టి నాకు ఇంకోటి కూడా గుర్తొస్తుంది... జోగిని వ్యవస్థ. దీని గురించి ఎవరు రాసినా “దురాచారం” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా మటుకు నాకు ఆ మాట సరిపోదు. ఇది పసిపిల్లల మీద జరిగే లైంగిక హింస. ఆ పిల్ల పెద్దయ్యాక అదే గృహహింస అవుతుంది. కాకపోతే ఇక్కడ గృహమూ లేదు, భర్తా లేడు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఇంట్లో జబ్బనో, మగపిల్లాడు లేడనో, ఎల్లమ్మకో పోచమ్మకో మొక్కుకుని ఆడపిల్లని దేవత పేరున వదిలేస్తారు. చిన్నప్పుడే తాళి కడతారు. దాదాపు అందరూ దళితుల పిల్లలే. ఈడేరాక ఆ పిల్ల ఊరి మగాళ్ళ సొత్తు. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి, జోగు ఎత్తుకోవాలి. పిల్లలు పుడితే తండ్రి ఎవరని అడక్కూడదు. తాళి కట్టించుకుంది కాబట్టి ఇంకొకరు పెళ్ళి చేసుకోరు. ఇదే మన రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ.

సరే, చరిత్రలోకి వద్దాం. గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. గద్వాల సంస్థానాన్ని చివర్లో ఏలింది ఒక ఆడమనిషే, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. ఆవిడ పేరుతో గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ కూడా పెట్టారు. గద్దె మీద ఆడవాళ్ళు కూర్చున్నంత మాత్రాన వాడలో ఆడపిల్లకి ఒరిగిందేమీ లేదన్నమాట.

అలాగని నిజాం రాజ్యంలో ఎవరూ నోరెత్తలేదనుకోకండి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ దళిత వాడల్లో హరికథలు చెప్పించి మరీ దేవదాసి, జోగిని ఆచారాల మీద ప్రచారం చేశాడు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడు మన గద్వాల ప్రాంతం మనిషే, సురవరం ప్రతాపరెడ్డి. ఆ సభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది.

కానీ చట్టాల సంగతి చూడండి. బాల్య వివాహాలని అడ్డుకునే శారదా చట్టం 1930లో అమల్లోకొచ్చింది, కానీ బ్రిటిష్ ఇండియాలోనే. దేవదాసి నిషేధ చట్టం 1947లో వచ్చింది, అది మద్రాసు ప్రెసిడెన్సీది. అంటే తుంగభద్రకి అటు కర్నూలు పిల్లకి చట్టం ఉంది, ఇటు అలంపురం పిల్లకి లేదు. రాష్ట్రమంతటికీ వర్తించే దేవదాసి నిషేధ చట్టం కోసం 1988 దాకా ఆగాల్సొచ్చింది. ఆ లోపు నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం (జాషువాగారి అమ్మాయి) జోగినుల మధ్య పని మొదలుపెట్టారు.

1988 తర్వాతైనా ఆగిందా? జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్ 2013లో లెక్క తేల్చింది, ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 80,000 మంది అని.

ఇప్పుడు అసలు చిక్కు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఏ ఫారం చూసినా, ఈ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుంది అని అడుగుతాం. మన గృహహింస చట్టాల్లో ఆ గడి పేరు ‘భర్త’. 1983లో వచ్చిన 498ఎ, ఇప్పటి న్యాయ సంహితలో 85వ సెక్షన్, భర్తకీ అతని బంధువులకీ మాత్రమే వర్తిస్తుంది. జోగినికి ఆ గడిలో దేవత పేరుంటుంది. దేవత మీద కేసు పెట్టలేం కదా!

2005 గృహహింస చట్టం కాస్త మేలు. పెళ్ళి లాంటి సంబంధాన్ని కూడా ఒప్పుకుంది. కానీ ఇద్దరూ ఒకే ఇంట్లో బతికి ఉండాలంది. జోగిని తల్లి ఇంట్లోనే ఉంటుంది, మగాడు వస్తాడు, పోతాడు. పైగా 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు, ‘ఉంచుకున్న’ మనిషికి ఈ చట్టం వర్తించదనేసింది. ఆ ఆడది ఆ స్థితికి తనంతట తను రాలేదు, ఆరేళ్ళప్పుడు ఊరే తెచ్చి నిలబెట్టింది అన్న సంగతి ఆ తీర్పు ముందు లేదు.

నా దృష్టిలో ఈ ఖాళీని నిజంగా పూడ్చింది 2012 పోక్సో చట్టం. అది భర్త ఎవరని అడగదు, పిల్ల వయసెంతని అడుగుతుంది. పద్దెనిమిది లోపయితే మొక్కు, ఆచారం, పెద్దల మాట ఏవీ చెల్లవు. నేరం జరిగిందని తెలిసి కూడా చెప్పకపోవడం మరో నేరం. పోలీసులు పిల్ల దగ్గరికే వెళ్ళి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై చేత వాంగ్మూలం తీసుకోవాలి. కన్నవాళ్ళే వదిలేసినప్పుడు ఆ పిల్లని ఇరవైనాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి.

అయితే ఇదంతా ఎవరో ఒకరు నోరు విప్పాకే. పిల్లకి తాళి కడుతున్నారంటే ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. డప్పు కొట్టేవాడికి తెలుసు, అంగన్‌వాడీ టీచరుకి తెలుసు, హాజరుపట్టీలో పేరు కొట్టేసే పంతులుకి తెలుసు. తాళి కట్టకముందే 1098కి ఒక్క ఫోను చెయ్యొచ్చు. పెద్దయిన ఆడవాళ్ళకి 181 ఉంది, సఖి కేంద్రాలున్నాయి.

మరి ఇప్పటికే జీవితం అయిపోయిన వాళ్ళ సంగతి? ముసలైన జోగినులకి మనం పెట్టే దండాలు అక్కర్లేదు. పింఛను కావాలి, వాళ్ళ పిల్లల్ని స్కూల్లో చేర్చుకునేటప్పుడు తండ్రి పేరు అడగని గుమాస్తా కావాలి. ఫారంలో ఆ గడికి చుక్క గుర్తు తీసెయ్యడం మా వృత్తిలో రెండు నిమిషాల పని. అది తీసేదాకా మన చట్టాలన్నీ సగం చట్టాలే.