కన్నూ, తలుపూ

ఫిలిప్ కె. డిక్ 1969లో వెలువరించిన ‘యూబిక్’ నవలలో జో చిప్ తన ఇంట్లోంచి తాను బయటికి వెళ్లాలంటే తలుపుకు ఐదు సెంట్లు చెల్లించాలి. చేతిలో చిల్లర లేదు. రేపిస్తానన్నా తలుపు కరగదు, ఇల్లు కొన్నప్పుడు పెట్టిన సంతకం గుర్తుచేస్తుంది. అతను కత్తితో మరలు విప్పబోతే కోర్టుకు ఈడుస్తానంటుంది. అప్పటి పాఠకులకు అది హాస్యం. ఓటీపీ రాక సొంత ఖాతా ముందు బిక్కమొహం వేసిన మనకు నిన్నటి సంగతి.

మన బతుకు ఏదో పీడకల నవలలా ఉందని తరచూ అనుకుంటున్నాం. ఏ నవలలా అంటే ఎక్కువమంది ఆర్వెల్ పేరే చెబుతారు. కానీ ఈ భయం చరిత్రలో రెండు పాయలున్నాయి. ఒకటి కన్ను, రెండోది తలుపు.

కన్ను కథ పాతది. 1791లో జెరెమీ బెంథామ్ ఒక జైలు నమూనా ప్రచురించాడు. నడుమ బురుజు, చుట్టూ గదులు. కాపలావాడు చూస్తున్నాడో లేదో తెలియని ఖైదీ ఎప్పుడూ ఒదిగే ఉంటాడు. రష్యన్ ఓడల ఇంజనీరు జమ్యాతిన్ 1920 ప్రాంతంలో రాసిన ‘మేము’లో అందరివీ గాజు ఇళ్లే. మనుషులకు పేర్లుండవు, అంకెలుంటాయి. సొంత దేశంలో అది అచ్చయింది 1988లో. దాన్ని 1946లో సమీక్షించిన జార్జ్ ఆర్వెల్ మూడేళ్లకు ‘1984’ తెచ్చాడు. బీహార్‌లోని మోతీహారిలో పుట్టి, 1922 నుంచి ఐదేళ్లు బర్మాలో పోలీసు అధికారిగా చేసినవాడు. జనం మీద కన్నేసి ఉంచే సర్కారు ఎలా ఉంటుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

తూర్పు జర్మనీ ఆ కన్నును నిజం చేసింది. 1989 నాటికి దాని రహస్య పోలీసు విభాగం స్టాసీలో దాదాపు 91,000 మంది ఉద్యోగులు. వాళ్లు పోగేసిన దస్త్రాలను వరసగా పేరిస్తే నూరు కిలోమీటర్లు దాటుతాయి. ఇక అంతమంది మనుషులు కూడా అక్కర్లేదని 2013లో అమెరికా నిఘా గురించి స్నోడెన్ బయటపెట్టిన కాగితాలు తేల్చాయి.

తలుపు కథ కాఫ్కాది. ప్రేగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థ ఉద్యోగి ఆయన. చనిపోయిన మరుసటి ఏడు, 1925లో వచ్చిన ‘ది ట్రయల్’లో ఒక పల్లెటూరివాడి కథ ఉంది. చట్టం గుమ్మం ముందు ప్రాణం పోయేదాకా పడిగాపులు పడతాడు. ఆ గుమ్మం అతని కోసమే పెట్టింది. తెరిచే ఉంది. లోపలికి మాత్రం పోలేడు.

కన్ను నవలల్లో ఒక ఊరట దాగి ఉంది. ‘1984’లోని సర్వాధికారి పెద్దన్న మనల్ని కనిపెట్టి ఉన్నాడంటే ఆయన లెక్కలో మనమూ ఉన్నట్టే. తలుపుకు ఆ పట్టింపు లేదు. 2009 జులైలో అమెజాన్ సంస్థ, హక్కుల్లేని ప్రతులంటూ పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి ‘1984’నే తుడిచేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. కుట్ర కాదు, నిబంధన. మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ తీర్పు కన్నుకు గిరి గీసింది. రెక్కల కష్టంతో వేలి గీతలు అరిగిపోయి, రేషన్ షాపు యంత్రం ముందు నిలబడ్డ కూలీ బాధ తలుపుతో.

ఆధునిక కాలంలో ఆ వేలిముద్ర కథ మొదలైంది మన దగ్గరే. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డు కంకర సరఫరాకు ఒప్పందం రాసిన రాజ్యధర్ కోనాయి చేత కాగితం మీద అరచెయ్యి అద్దించాడు. రేపు ‘ఈ సంతకం నాది కాదు’ అనకుండా ఆ కట్టడి. ఇప్పుడు యంత్రమే అంటోంది, ఈ చెయ్యి నీది కాదని.