షిన్చూ: పార్కుతో పాటు ఒక బడి

సైన్స్ పార్కు అనగానే మనకి ముందు ఎకరం రేటు గుర్తొస్తుంది. ఆ తర్వాత శంకుస్థాపన, అద్దాల భవనం. తైవాన్‌లోని షిన్చూ చరిత్ర చదువుతుంటే నన్ను ఆపింది మాత్రం ఒక బడి. 1980 డిసెంబరులో పార్కు మొదలైంది. 1983లో ప్రభుత్వం అక్కడే ఒక స్కూలు పెట్టింది. అమెరికా నుంచి తిరిగొచ్చే ఇంజనీర్ల పిల్లలు ఒక్కసారిగా చైనీస్‌లో చదవలేరు కదా, వాళ్ళ కోసం అందులో రెండు భాషల విభాగం. తిరిగి రావాలా వద్దా అన్నది ఆఫీసులో కాదు, ఇంట్లో తేలుతుందని పాలసీ రాసినవాళ్ళకి తెలుసన్నమాట.

కాస్త వెనక్కి వెళ్దాం. 1949లో చైనా నుంచి తైవాన్‌కి తరలిన ప్రభుత్వం, అక్కడి పాత పేర్లతోనే షిన్చూలో 1956లో సింగ్‌హ్వా, 1958లో జావోతుంగ్ విద్యాసంస్థల్ని మళ్ళీ తెరిచింది. బాగా చదివినవాళ్ళు చాలామంది అమెరికా విమానం ఎక్కేసేవారు. (మనకి తెలియని కథేం కాదు.) 1973లో అదే ఊళ్ళో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇట్రీ వచ్చింది. 1976లో ఆర్‌సీఏ అనే అమెరికన్ కంపెనీ దగ్గర చిప్పుల తయారీ విద్య కొనుక్కుని, కుర్ర ఇంజనీర్లని అక్కడికి పంపి నేర్పించింది. మరుసటి ఏడాదికే ఇట్రీలో ప్రయోగాత్మక ఫ్యాక్టరీ నడుస్తోంది.

అంత ఖర్చుపెట్టి తయారుచేసిన మనుషుల్ని ఏ ప్రభుత్వ ల్యాబ్ అయినా వదులుకుంటుందా? ఇట్రీ వదులుకుంది. అదే దాని పని అనుకుంది. 1980లో యూఎమ్‌సీ, 1987లో టీఎస్‌ఎమ్‌సీ ఇట్రీ ఇంజనీర్లతోనే మొదలయ్యాయి. రెండోదాన్ని స్థాపించిన మోరిస్ చాంగ్ 1985లో ఇట్రీకి అధ్యక్షుడిగా వచ్చినవాడే. టీఎస్‌ఎమ్‌సీ తొలి పెట్టుబడిలో దాదాపు 48 శాతం ప్రభుత్వానిది, 27 శాతానికి పైగా ఫిలిప్స్‌ది. మనం ముచ్చటగా చెప్పుకునే గ్యారేజీ కథలకీ దీనికీ పోలికే లేదు.

పార్కు ఆలోచన వెనకున్న షూ షియెన్‌షియూ గణితం ప్రొఫెసర్. సింగ్‌హ్వాకి అధ్యక్షుడిగా ఉండి, జాతీయ సైన్స్ మండలిని నడిపాడు. పార్కు పరిపాలన కూడా ఆ మండలి చేతికే వచ్చింది. 1979 చట్టంలో పన్ను రాయితీలు మామూలే. భూమి మాత్రం అమ్మరు, లీజుకే ఇస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన నిబంధన ఇదే. స్థలం రేటు పెరిగాక అమ్ముకుందాం అనుకునేవాడికి అక్కడ పనిలేదు.

అయితే 1987 దాకా తైవాన్‌లో మార్షల్ లా ఉంది. అంత చకచకా పనులు జరిగాయని మెచ్చుకునేటప్పుడు, గట్టిగా అడ్డుచెప్పే వీలు ఎవరికీ పెద్దగా లేదన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో తేదీ. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన ఫలితాల మీద యూనివర్సిటీలకి హక్కులిచ్చే చట్టం తైవాన్‌లో 1999లో గానీ రాలేదు. అప్పటికి పార్కు వయసు పంతొమ్మిదేళ్ళు, టీఎస్‌ఎమ్‌సీది పన్నెండు. పేటెంటు ఒప్పందాలూ ఎంఓయూల లెక్కలూ అప్పటికింకా రాలేదు. అన్నేళ్ళూ క్యాంపస్ నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళింది ముఖ్యంగా డిగ్రీ చేతికొచ్చిన విద్యార్థులే. వాళ్ళు వెళ్ళాల్సిన దూరం కూడా ఎక్కువేం కాదు, పార్కు ఆ క్యాంపస్‌ల పక్కనే.