మధుమేహంలో అవయవ మార్పిడి తరువాత ఎముకల ఆరోగ్యం

మధుమేహ వ్యాధిగ్రస్తులకు మూత్రపిండం, కాలేయం, గుండె, క్లోమం వంటి అవయవాలను మార్పిడి చేసిన తరువాత ఎముకలలో కలిగే క్షీణతను, దాని నివారణోపాయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కొత్త అవయవం చక్కగా పనిచేస్తున్నప్పటికీ ఎముకలు పెళుసుబారి, కాలు జారి పడినంత మాత్రాన విరిగిపోవచ్చు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన రోగికి మార్పిడి వలన లభించిన స్వతంత్ర జీవనం మళ్ళీ దూరమవుతుంది. అందువలన ఎముకల సంరక్షణ మార్పిడి అనంతర చికిత్సలో ఒక ముఖ్య భాగం.

చరిత్ర

విజయవంతమైన మొదటి మూత్రపిండ మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కవల సోదరుల మధ్య జరిగింది. మధుమేహ రోగికి క్లోమాన్ని, మూత్రపిండాన్ని కలిపి అమర్చిన మొదటి శస్త్రచికిత్స 1966లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. ఎముకల వ్యాధులలో రక్తంలోని భాస్వరాన్ని కొలవడం అవసరం. ఇందుకు చిరకాలం వాడుకలో ఉన్న ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని 1925లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

కారణాలు

ఎముక సజీవ కణజాలం. పాత ఎముకను తొలగించే కణాలు, కొత్త ఎముకను నిర్మించే కణాలు నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. ఈ సమతౌల్యం మూడు దశలలో దెబ్బతింటుంది.

* మార్పిడికి ముందు: మూత్రపిండాలు విఫలమైనప్పుడు విటమిన్ డి క్రియాశీల రూపంలోకి మారడం తగ్గుతుంది. రక్తంలో భాస్వరం పెరుగుతుంది. పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా స్రవించి ఎముకలలోని కాల్షియంను బయటకు లాగుతాయి. మార్పిడి తరువాత కూడా కొందరిలో ఈ అతిస్రావం కొనసాగుతుంది.
* మధుమేహం వలన: మొదటి రకం మధుమేహంలో ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుంది. రెండవ రకంలో సాంద్రత సాధారణంగానో, కొంత ఎక్కువగానో ఉన్నా ఎముకలు విరిగే ప్రమాదం అధికం. చక్కెర ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తుకు అంటుకొని దానిని పెళుసుగా మార్చడం ఇందుకు ఒక కారణం.
* మార్పిడి తరువాత: శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఇచ్చే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు ఎముక నిర్మాణాన్ని మందగింపజేస్తాయి. మొదటి 6 నుండి 12 నెలలలో క్షీణత వేగంగా ఉంటుంది. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ రక్తంలో చక్కెరను కూడా పెంచుతాయి. అంతకుముందు మధుమేహం లేనివారికి సైతం ఈ మందుల వలన అది రావచ్చు.

లక్షణాలు

ఎముక విరిగే వరకు సాధారణంగా ఏ బాధా తెలియదు. తుంటిలోనో గజ్జలోనో నొప్పి కొనసాగితే, స్టెరాయిడ్ల ప్రభావం వలన తొడ ఎముక శిరోభాగానికి రక్తప్రసరణ తగ్గిందేమో పరీక్షించాలి. మధుమేహంలో పాదాల స్పర్శ తగ్గుతుంది కనుక పాదంలోని ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. పాదం వాచి, వెచ్చగా, ఎర్రగా మారితే మామూలు వాపు అని ఉపేక్షించరాదు. అది చార్కో పాదం అనే వ్యాధి కావచ్చు.

పరీక్షలు

డెక్సా అనే ఎక్స్-రే పరీక్షతో ఎముకల సాంద్రతను కొలుస్తారు. టి-స్కోరు -2.5 లేదా అంతకంటే తక్కువగా ఉంటే దానిని బోలు ఎముకల వ్యాధిగా పరిగణిస్తారు. రెండవ రకం మధుమేహంలో ఈ కొలత అసలు ప్రమాదాన్ని తక్కువగా చూపుతుంది. అందువలన కాల్షియం, భాస్వరం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలను కూడా జరిపి వైద్యులు నిర్ణయం తీసుకుంటారు.

చికిత్స, జాగ్రత్తలు

అవసరాన్ని బట్టి విటమిన్ డి, కాల్షియం, బిస్‌ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ ఇస్తారు. మూత్రపిండం బాగా మందగించిన వారికి బిస్‌ఫాస్ఫొనేట్ల వాడకంలో జాగ్రత్త అవసరం. డెనోసుమాబ్‌ను అర్ధాంతరంగా మానివేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ ఎముకలను బలహీనపరుస్తుంది. స్టెరాయిడ్లు ఎముకలకు హాని చేస్తాయని విని రోగి వాటిని స్వయంగా మానరాదు. అట్లు చేసిన యెడల కొత్త అవయవాన్నే కోల్పోవలసి రావచ్చు.

పడిపోకుండా చూసుకోవడం మందులతో సమానమైన రక్షణ. స్నానాల గదిలో నేల తడి లేకుండా ఉంచడం, రాత్రివేళ దీపం, పాదాలకు సరిపోయే చెప్పులు, కంటి పరీక్ష, చక్కెర మరీ పడిపోకుండా చూసుకోవడం, రోజూ నడక ఇందుకు తోడ్పడతాయి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే మార్పిడి తరువాత కొందరికి రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది కనుక మాత్రలను వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

తెలుగు ప్రాంతాలలో

మరణానంతర అవయవదానాన్ని సమన్వయపరిచే జీవన్‌దాన్ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైంది. తెలంగాణలో దీని కార్యాలయం హైదరాబాదులోని నిమ్స్‌లో ఉంది. మూత్రపిండ మార్పిడికి ఆరోగ్యశ్రీ పథకం వర్తిస్తుంది. పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో భాగమైన మరిపెడ వంటి మండలాల రోగులకు మార్పిడి అనంతర పరీక్షల నిమిత్తం దూర ప్రయాణం తప్పదు. ఈ ప్రయాణాలలో మూత్రపిండం పనితీరును చూపించుకొని, ఎముకల సంగతి అడగడం మరచిపోవడం సహజం.

పొరుగున ఉన్న పూర్వపు నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు సమస్య ప్రసిద్ధం. ఫ్లోరైడు అధికమైతే ఎముక సాంద్రత పెరిగినా దృఢత్వం తగ్గుతుంది. మూత్రపిండాలు చెడిపోతే ఫ్లోరైడు శరీరంలో మరింత నిలువ ఉంటుంది. కనుక అటువంటి గ్రామాలలో నివసించినవారు ఆ విషయాన్ని వైద్యునికి తప్పక తెలియజేయాలి.