ఆంగ్ల క్రియాపదబంధాలు – ఒక చారిత్రక పరిశీలన

ఆంగ్లంలో ‘గివ్’ అంటే ఇచ్చు, ‘అప్’ అంటే పైకి. రెండూ కలిసిన ‘గివ్ అప్’కు వదులుకొను, మానివేయు అనే అర్థాలు ఎట్లా కలిగాయో మన తరగతి గదుల్లో సాధారణంగా చెప్పరు, పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమంటారు. కాని ఈ పదబంధాలలో చాలావాటికి ఒక క్రమం ఉంది. అది తెలుగువారికి పరాయిదేమీ కాదు.

ప్రాచీన ఆంగ్లంలో క్రియార్థాన్ని మార్చే పని ప్రధానంగా ఉపసర్గలది. సంస్కృతంలో ‘హృ’ ధాతువు నుండి ప్రహార, ఆహార, సంహార, విహార శబ్దాలు ఏర్పడిన తీరు వంటిదే ఇదీ. ‘ఫర్‌గివ్’, ‘విత్‌స్టాండ్’ ఆనాటి అవశేషాలు. కాలక్రమంలో ఉపసర్గలు అనేకం బలహీనపడగా, క్రియ తరువాత నిలిచే ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’ వంటి అవ్యయాలు ఆ బాధ్యతను స్వీకరించాయి. ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల భాష ఈ మార్పుకు కారణమన్న వాదం ఉంది. దాని బీజాలు ప్రాచీన ఆంగ్లంలోనే కనిపిస్తున్నందున, ఆ ప్రభావం మార్పును వేగవంతం చేసిందనడం వరకే సమంజసం.

పీటర్‌బరో మఠంలో వ్రాసిన వార్షిక వృత్తాంతంలో, 1132వ సంవత్సరం కింద, రాజు ఒక మఠాధిపతి చేత ఆ పదవిని ‘గివ్ అప్’ చేయించి దేశం విడిచి వెళ్లేట్లు చేశాడని ఉంది. అక్కడ అర్థం అప్పగించడం. ‘ఇచ్చు’ అనే మూలార్థం ఇంకా సజీవం. అలవాటు మానుకోవడం, ఆశ వదులుకోవడం దాని విస్తరణలే.

‘ఈట్ అప్’ మరీ ఆసక్తికరం. ఇక్కడ ‘అప్’ దిక్కును కాక పూర్తిని సూచిస్తుంది. మరి మన ‘తినివేసెను’లో వేయడం ఎక్కడుంది? ‘ఎండిపోయెను’లో పోవడం ఎక్కడుంది? అక్కడ అవ్యయం, ఇక్కడ క్రియ. పుట్టుక వేరైనా రెండూ స్వతంత్రార్థాన్ని కోల్పోయి క్రియ ముగింపును తెలుపుతున్నాయి. ఈ పోలిక అన్నింటికీ చెల్లదు. ఓర్చుకొను అనే అర్థమిచ్చే ‘పుట్ అప్ విత్’ను ఇట్లా విడదీసి వివరించబూనడం వృథాశ్రమ.

విదేశీయులకు ఈ పదబంధాలు ఎంతో కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది.

వీటిని వాడుకమాటలుగా తక్కువచేసి, వ్రాతలో ఫ్రెంచి, లాటిన్ మూలపదాలనే వాడమనే బోధన నేటికీ ఉంది. లాంఛనమైన వ్రాతకు ఆ సలహా కొంతవరకు ఉపయోగకరమే. అయితే ఫ్రెంచి నుండి ‘సరెండర్’ ఆంగ్లంలోకి వచ్చింది పదిహేనవ శతాబ్దంలో. పీటర్‌బరో లేఖకుడు ‘గివ్ అప్’ వ్రాసింది అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందు.