బాలుర కథలు – కథనధర్మము

మన ఆలంకారికులు కథకు లక్షణములు చెప్పిరి. కాని బాలుడు చెప్పు కథను లక్ష్యముగా గ్రహించినవా రరుదు. పంచతంత్రమున రాజపుత్రులు వినువారే కాని చెప్పువారు కారు. మన బడులయందును ఆ యాచారమే నిలిచినది. బాలుర కథలనుండి పండితులు నేర్వదగినదేమో చిత్తూరు, తిరుపతి ప్రాంతముల నాధారముగా గొని విమర్శింతము.

చిత్తూరు మండలము 1911లో ఉత్తరార్కాటు, కడప మండలముల తాలూకాలతో నేర్పడినది. 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రమున జేరెను. 2022లో తిరుపతి ప్రత్యేకజిల్లా యయ్యెను. హద్దులెన్ని మారినను ఇచ్చటి యింటి తెలుగునకు తమిళపు చేరువ తప్పలేదు. అవ్వ చెప్పిన 'కత'ను బిడ్డ ఆ పలుకుబడితోనే తిరిగి చెప్పును. బడిలో ఆ బిడ్డ నోరు తెరచినతోడనే మనము దిద్ద నారంభింతుము. దిద్దుబాటు ముగియులోపల కథయే నిలిచిపోవును.

ఆ నిలిచిపోయిన కథలో నేమి గలదు? బాలురు తమలో తాము చెప్పుకొను ఏడు చేపల కథను జూడుడు. రాజకుమారు లేడుగురు వేటకేగి ఏడు చేపలు తెచ్చి యెండవేయుదురు, ఒకటి యెండదు. ఆ చేప గడ్డిమోపుపై తప్పు మోపును. గడ్డి ఆవుపై, ఆవు కాపరిపై, కాపరి అవ్వపై, అవ్వ యేడ్చు బిడ్డపై, బిడ్డ చీమపై. చీమ మాత్రము మరియొకరిని జూపదు. తన పుట్టలో వ్రేలు పెట్టినవారిని కుట్టనా యని యడుగును. అంతటితో కథ ముగియును.

ఇందు రాజునకు పేరు లేదు, పురవర్ణనము లేదు. ప్రతి యుత్తరమును క్రొత్త ప్రశ్నకు కారణమగుచున్నది. పునరుక్తి యిచ్చట దోషము గాదు. చెప్పువానికి జ్ఞాపకము, వినువానికి నిరీక్షణము. తుదకు ప్రశ్న తీరగానే కథ తీరినది. చేప యెండినదో లేదో యెవ్వరు నడుగరు, నీతివాక్యమును జోడింపరు.

బాలుడు స్వయముగా కల్పించిన దంతయు నుత్తమమని చెప్పరాదు. అందు తరచుగా 'ఆ తరువాత' యుండును గాని 'ఏల' యుండదు. అయినను ప్రక్కవాడు 'ఊ' కొట్టుట మానినచో వా డది యెరిగి కథను మలుపు త్రిప్పును. శ్రోతను గుర్తెరిగి చెప్పుటయే కథనధర్మము. అది వానికి శాస్త్రము చదువకయే యబ్బినది.

బాలుర మాటకు పత్రికలలో చోటు నెమ్మదిగా దొరకినది. 1945లో మదరాసున న్యాయపతి రాఘవరావుగారు 'బాల'ను ప్రారంభించిరి. 2008లో అనంతపురసీమయందలి చెన్నేకొత్తపల్లినుండి 'కొత్తపల్లి' వెలువడి, పల్లెబిడ్డలు చెప్పిన, వ్రాసిన కథలను ప్రకటించెను. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ గ్రామీణవిద్యాకేంద్రమువారు పల్లెకథలను, పాటలను పాఠములలో జేర్చిరి. తిరుపతి ప్రాంతపు పలుకుబడిలో బాల్యమును జెప్పిన నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా' ఆ యింటిభాషకు సాహిత్యగౌరవము తెచ్చినది.

కావున ఉపాధ్యాయులు భాష దిద్దుట మానవలెనని కాదు, క్రమము మార్చవలెనని మా మనవి. ముందు కథ ముగియువరకు 'ఊ' కొట్టవలెను. కథలో 'ఏల' లోపించినచోట నడుగవలెను. వర్ణక్రమమును పిదప దిద్దవలెను. శబ్దదోషము రేపైనను దిద్దవచ్చును. సిగ్గుపడి నోరు మూసిన బిడ్డచే మరల కథ చెప్పించుట దుష్కరము.